ఉప్పు లేని పిలుపు

తమిళనాడులో పాలకోడు టౌన్ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ మునిరాజ్ తన పాట విన్నాడు. ఎనిమిది నెలలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి చేసిన పాట. కానీ పాడుతున్నది తను కాదు, మాటలూ తనవి కావు.

కిటికీ పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడి ఫోన్లోంచి వస్తోందది. ముందు ఒక ముసలి గొంతు, కొండ మీదికి విసిరినట్టు: "ఓయ్ బా... బా బా బా... హుయ్!" ఆ అరుపు తోక పట్టుకుని డప్పు. డప్పు మీద ఎవడో తమిళంలో తన కారు గురించి, మెడలో చెయిను గురించి, తనను చూసి కుళ్ళుకునేవాళ్ళ గురించి గబగబా దంచుతున్నాడు.

ఆ ముసలి గొంతు మునిరాజ్ వాళ్ళ అవ్వ మారమ్మది.

"తంబీ, ఎవరిది ఆ పాట?" గాలికి మాట ఎగిరిపోకుండా తమిళంలో అరిచాడు.

కుర్రాడు జాలిగా చూశాడు. "డీకేదన్నా. తెలియదా? వచ్చి మూడు రోజులే అయింది, రెండు లక్షల మంది చూశారు. ముందు ఆ అరుపు ఉంది చూడు, అదొక్కటి చాలు, పిచ్చెక్కిపోతోంది."

మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. వెనక సీట్లోంచి ఇంకో ఫోన్ అందుకుంది. ఓయ్ బా. బా బా బా.

మునిరాజ్ దిగాల్సింది పాలకోడులో. టమోటా మండీలో బాక్సులు లారీకెక్కించడం అతని పని. ఇరవై మూడేళ్ళ వయసు, భుజాన ఎప్పుడూ ఆరని పుండు. ఆ రోజు దిగలేదు. మేస్త్రీ ఫోన్ రెండుసార్లు మోగితే రెండుసార్లూ కట్ చేసి, బస్సు మారి నేరుగా ధర్మపురి వెళ్ళాడు.

డీకే అంటే దినకరన్. నాలుగు రోడ్ల దగ్గర జవుళి కొట్టు పైన వాడి స్టూడియో. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి, వాటి మీద నల్లరంగు కొట్టించాడు. రెండు నెలల కిందట మునిరాజ్ తన పాటను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇక్కడికే తెచ్చి ఇచ్చాడు. "పాట బాగుంది, సౌండ్ సరిచేసి ఇస్తా" అన్నాడు దినకరన్. ఆ తరవాత వారానికే మునిరాజ్ ఫోన్ మండీలో నీళ్ళ డ్రమ్ములో పడి చచ్చింది. అందులో ఉన్న పాట కూడా దానితోపాటే పోయింది. దినకరన్ దగ్గర ఉందిలే అని ధీమాగా ఉన్నాడు.

నిజంగానే ఉంది.

"రా మునీ, కూర్చో. టీ చెప్పేదా?" దినకరన్ కుర్చీ తిప్పాడు. వాడిదీ తెలుగు మాట్లాడే ఇల్లే. మూడు తరాలుగా వ్యాపారం.

"నా పాట అది."

"ఏది నీది? మాటలు నావి. గొంతు నాది. తాళం కంప్యూటర్‌ది."

"తాళం నేను కట్టినాను. ఆ పిలుపు మా అవ్వది."

"ఆవుల్ని పిలిచేదానికి ఓనర్ ఉంటారా రా? ఇంగ రేపు కోడి కూసేదానికి కూడా పేరు వెయ్యమంటావు నువ్వు." పక్కనున్న ఇద్దరూ నవ్వారు. దినకరన్ ముందుకు వంగాడు, మంచి చెప్పేవాడిలాగా. "చూడు, నువ్వు తెలుగులో రాసినావు. ధర్మపురిలో తెలుగు ర్యాప్ ఎవుడు వింటాడప్పా? మన ఇంట్లో మాట ఇంట్లో. మా నాయన కూడా అంగట్లో కూర్చుంటే తమిళమే. నేను దాన్ని పదిమందికి చేర్చినాను. నువ్వు థ్యాంక్స్ చెప్పాల."

"ర్యాప్‌లో ఇంకొకడి సొత్తు ఎత్తుకునేదాన్ని ఏమంటారో తెలుసునా నీకు?"

"తెలుసు. హిట్ అంటారు."

మునిరాజ్ పిడికిలి బిగిసింది. దినకరన్ దాన్ని చూశాడు గానీ కుర్చీలోంచి కదల్లేదు.

"సాక్ష్యం ఉండాదా? ఉంటే పట్టుకొని రా. లేదంటే పోయి టమోటా మొయ్."

సాక్ష్యం లేదు. పాట పోయింది. రాసుకున్న నోటుబుక్కు ఉంది, కానీ అది తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు. మునిరాజ్‌కి తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. ఆ లైన్లలో ఒక్కటి కూడా డీకే పాటలో మిగల్లేదు కనక నోటుబుక్కు ఉన్నా లేనట్టే.

*కొండ మింద గడ్డి నాది, గొంతులోన దుమ్ము నాది,*
*బస్సులోన సీటు లేదు, ఫుట్‌బోర్డు మింద పాట నాది.*

ఇవీ అతని లైన్లు. ఇప్పుడు వాటికి తాళం లేదు. ముందు వచ్చే పిలుపూ లేదు.

పాలకోడు బస్టాండు వెనక భూపతి ఆడియో సర్వీస్. జాతరలకూ పెళ్ళిళ్ళకూ సౌండ్ సెట్ అద్దెకిస్తాడు. మునిరాజ్‌కి ర్యాప్ పిచ్చి ఎక్కించింది వాడే. ఎక్కడో న్యూయార్క్‌లో, బ్రాంక్స్ అనే పేదపేటలో, యాభై ఏళ్ళ కిందట ఒక కుర్రాడు తన చెల్లెలి పార్టీకి రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి, పాటలో డప్పు మాత్రమే మోగే ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పాడని, దాని మీద జనం మాటలు విసరడం మొదలుపెట్టారని, వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాక్కుని మైదానాల్లో సెట్లు పెట్టారని భూపతే కథలు కథలుగా చెప్పాడు. "అంతా మన మాదిరి సౌండ్ సెట్ వాళ్ళే మచ్చాన్" అనేవాడు గర్వంగా. "వాళ్ళు పాత రికార్డు తిప్పినారు. నీ ఇంట్లో ఏం పాత రికార్డు ఉండాదో చూసుకో."

మునిరాజ్ ఇంట్లో రికార్డు లేదు. అవ్వ ఉంది. ఆవుల్ని పిలిచే ఆమె గొంతును ఫోన్‌లోకి ఎక్కించాడు.

ఇప్పుడు భూపతి అంతా విని, చేతిలో వైరు కింద పెట్టాడు. "మచ్చాన్, ఒకటి చెప్తా, అరవొద్దు. ఆదివారం మద్యానం ఆ పాటకు వీడియో షూటింగ్. మహేంద్రమంగళం పక్కన ఎండిపోయిన చెరువు, పెద్ద ఏరి ఉండాదే, అక్కడ. సౌండ్ సెట్ నాదే బుక్ చేసినాడు. నీ పాటని తెలీక అడ్వాన్స్ తీసుకున్నాను. ఇప్పుడే పోయి వాడి మొకాన కొట్టి వస్తా."

"వద్దు. ఉండు." మునిరాజ్ కళ్ళు మెరిశాయి. "అక్కడ మా ఆవులు మేస్తాయి."

"మేస్తే?"

"నీ పెద్ద స్పీకర్లలో ఆ పిలుపు మోగుతుంది. మా అవ్వ పిలుపుకు పద్దెనిమిది ఆవులూ పరిగెత్తుకొని వస్తాయి. వాడి కెమెరా ముందరే. మా చెల్లి రక్ష ఫోన్‌లో లైవ్ పెడుతుంది. ఆవులకు తెలుసును కదా ఎవురి గొంతో! అంతకన్నా సాక్ష్యం ఏం కావాల?"

భూపతి మునిరాజ్ భుజం మీద ఫట్‌మని చరిచాడు. సరిగ్గా పుండు మీద.

వెల్లిచందైలో ఇంటికి వచ్చేసరికి మారమ్మ వాకిట్లో కూర్చుని, అరికాలు పైకి తిప్పుకుని, పిన్నీసుతో ముల్లు తీసుకుంటోంది. ఈ మధ్య ఆమె కాళ్ళ నిండా గీతలే. మునిరాజ్ చూశాడు గానీ అడగలేదు. తెల్లారకముందే మండీకి పోయి చీకటి పడ్డాక వచ్చేవాడికి చాలా విషయాలు అడిగే వేళ దొరకదు.

"అవ్వా, ఆదివారం ఆవుల్ని ఏరి కాడికి తోలుకొని రావాల."

విషయం మొత్తం చెప్పాడు. పక్కనే గడప మీద కూర్చున్న చెల్లెలు రక్ష మధ్యమధ్యలో ఫోన్ చూపించి సాయం పట్టింది. మారమ్మ తన గొంతు ఆ చిన్న డబ్బాలోంచి రావడం విని మొహం చిట్లించింది.

"రావు రా" అంది.

"ఏంటికి రావు?"

"ఉప్పెక్కడుండాది దానికి?"

ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. పిలుపంటే ఉప్పు. అవ్వ చెంగున గల్లుప్పు మూట లేకుండా పిలుపు ఎత్తదు. వచ్చిన ప్రతి ఆవు నాలుక మీదికీ చిటికెడు చేరాల్సిందే. మునిరాజ్ ఏడేళ్ళప్పుడు సరదాకి ఆ పిలుపు అరిచాడు. మందలోని ఆవులన్నీ దుమ్ము రేపుకుంటూ వచ్చి నిలబడ్డాయి. అవ్వ అతని చెంప ఛెళ్ళుమనిపించి, చేతిలో ఉప్పు పోసి, ఒక్కొక్కదానికీ అతని చేతే పెట్టించింది. "పిలిచి ఊరికే పంపితే రేపు పులి వచ్చినా రావు" అంది అప్పుడు.

"ఉప్పు నేను తెస్తా అవ్వా. బస్తా తెస్తా."

మారమ్మ పిన్నీసు రవికకు గుచ్చుకుంది.

"సరి, తోలుకొస్తా. నీ కంటితో నువ్వు చూస్తేనే తెలిసేది."

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. ఎండిన చెరువు నేల పెంకుల్లాగా పగిలి ఉంది. ఒక గట్టున ఎర్రరంగు జీపు, దాని బానెట్ మీద దినకరన్, నల్లకళ్ళజోడు, మెడలో తాడంత చెయిను. చుట్టూ డాన్సర్లు, కెమెరా, చూడ్డానికొచ్చిన ఊరి జనం ఓ వంద మంది. భూపతి స్పీకర్లు మనిషెత్తున నిలబడ్డాయి.

అవతలి గట్టు కింద, తుమ్మచెట్ల నీడలో, పద్దెనిమిది ఆవులు. వాటి వెనక చేతికర్రతో మారమ్మ.

మునిరాజ్ కాళ్ళ దగ్గర ఉప్పు బస్తా మూతి విప్పి ఉంది. రక్ష ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"అన్నా, ఆరువందల మంది చూస్తుండారు."

మునిరాజ్ గొంతు సవరించుకున్నాడు. "అందరికీ వణక్కం. ఈ పాట నాది. ఇందులో పిలుపు మా అవ్వ మారమ్మది. నా మాట నమ్మొద్దండి. ఇప్పుడు ఆ పిలుపు మోగుతుంది. ఆవులు ఏం చేస్తాయో చూడండి!"

అప్పటికే దినకరన్ చూశాడు. లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు తీశాడు. వాడి మొహంలో మొదటిసారి రంగు మారింది.

"రేయ్ భూపతీ! ఆపు, పాట పెట్టొద్దు—"

భూపతికి సరిగ్గా అప్పుడే చెవుడు వచ్చింది. మీట నొక్కాడు.

*ఓయ్ బా... బా బా బా... హుయ్!*

చెరువంతా దద్దరిల్లింది. గుట్టకు తగిలి మళ్ళీ వచ్చింది. జనం తలలన్నీ ఆవుల వైపు తిరిగాయి. మునిరాజ్ గుప్పిట నిండా ఉప్పు తీసుకుని ముందుకు నడిచాడు.

ఒక ఆవు చెవి ఆడించింది. ఈగ వాలింది కాబోలు.

మిగతావి గడ్డి మీదినుంచి మూతి కూడా ఎత్తలేదు.

"ఇంకోసారి!" అరిచాడు మునిరాజ్. భూపతి వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. నాలుగోసారి. గుంపులో ఎవడో "నీ ఆవులకు తమిళం మాత్రమే వచ్చునేమోరా!" అన్నాడు. వందమందీ ఒక్కసారిగా నవ్వారు. రక్ష ఫోన్ మీద నవ్వే బొమ్మలు వరదలాగా పైకి పోతున్నాయి. ఆమె ఫోన్ దించలేదు.

దినకరన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

చెమటకు మునిరాజ్ గుప్పిట్లో ఉప్పు కరుగుతోంది. ఇది ఎట్లా సాధ్యం? పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. ఆ పిలుపుకు రాని ఆవు లేదు.

అప్పుడు మారమ్మ నీడలోంచి బయటికొచ్చింది. మనవడిని చూసి నవ్వుతున్న జనాన్ని చూసింది. కర్ర చంకన పెట్టి, చెంగున ఉప్పు పట్టుకుని, రెండో చెయ్యి నోటి పక్కన ఆనించి తనే పిలిచింది. స్పీకరు లేదు, డప్పు లేదు. ఎనభై ఏళ్ళ గొంతు, ఉన్నది ఉన్నట్టు.

"ఓయ్ బా... బా బా బా... హుయ్!"

నవ్వులు ఆగిపోయాయి. ఆవులు తలలెత్తాయి. అన్నీ. కెంపి అనే ముసలి ఎర్రావు రెండడుగులు వేసింది. ఆగింది. ఆమెనూ స్పీకర్లనూ మార్చి మార్చి చూసింది. తల దించి గడ్డిలో పెట్టుకుంది.

మునిరాజ్ అవ్వ దగ్గరికి పరిగెత్తాడు. "ఏమవ్వా ఇది? ఎప్పటినుంచి?"

"ఆర్నెల్లాయె." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఘోరంగా ఉంది. "నువ్వు దొడ్డి పక్క రూములో పెట్టి తిప్పినావే రాత్రీ పగలూ, ఆ డబ్బాను. మొదట్లో పాపం ప్రతిసారీ లేచి తలుపు కాడికి వచ్చేవి. ఉప్పు లేదు. లేచేవి, ఉప్పు లేదు. ఎన్ని రోజులు లేస్తాయి? ఇప్పుడు ఈ వారంగా బస్సులో అదే, టీ అంగట్లో అదే. పిల్లోళ్ళు గట్టు మింద కూర్చొని వాటి మొకాన పెట్టి ఆడుకుంటుండారు. ఉన్న రెండు కూడా మానేసినాయి."

"నాకు చెప్పలేదేమవ్వా?"

"నీ పాట కోసం కదా అనుకున్న్యా. అయినంక సరిచేద్దామనుకున్న్యా."

అందుకా ముళ్ళు. అందుకా గీతలు. పిలిస్తే వచ్చే మందను ఆర్నెల్లుగా ఆమె కొండంతా తిరిగి ఒక్కొక్కదాన్నీ వెతికి తోలుకొస్తోంది. ఉప్పు లేకుండా పిలవకూడదని ఏడేళ్ళప్పుడే చెంపదెబ్బ తిని నేర్చుకున్నవాడు, ఫోన్‌లో మోగితే అది పిలుపు కాదనుకున్నాడు. దినకరన్ పాటను మాత్రమే దొంగిలించాడు. పిలుపును పాడుచేసింది తనే.

"కట్! సూపర్!" వెనక నుంచి దినకరన్ చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. "అవ్వ షాట్ పడిందా? పడింది కదా? చాలు. ముసలామె పిలుస్తుంది, ఆవు కూడా చూడదు, అక్కడ నా ఎంట్రీ. ఆవులకు కూడా డీకేనే కావాల! కామెడీ పేలిపోతుంది రా."

మునిరాజ్ మైక్ లాక్కున్నాడు. మూడు రోజులుగా వాడిని తిట్టడానికి రాసుకున్న ముప్పై రెండు లైన్లు నాలుక చివర ఉన్నాయి. నోరు తెరిచాడు.

"తిట్టు మునీ, బాగా తిట్టు." దినకరన్ కెమెరామన్‌కి సైగ చేశాడు. "తియ్ తియ్, క్లోజప్. గొడవ ఉంటేనే పాట పైకి పోతుంది."

కెమెరా ఎర్రదీపం వెలిగింది. మునిరాజ్ దాన్ని చూశాడు. తను ఏం చేసినా వాడి పాటకే మేత. తిడితే ఒక వీడియో, కొడితే ఇంకో వీడియో. అవ్వ మందవైపు తిరిగి, కుంటుకుంటూ కెంపి దగ్గరికి పోతోంది. ఆ కుంటునడకను కూడా కెమెరా తీస్తోంది.

మైక్ దించాడు.

"ఆ షాట్ తీసెయ్."

"ఏది?"

"మా అవ్వది. కెమెరాలోంచి ఇప్పుడే తీసెయ్. నా ముందర."

"ఏంటికి తియ్యాల? ఫ్రీగా వచ్చిన షాట్." దినకరన్ ఆలోచించాడు. వాడు వ్యాపారి ఇంటి బిడ్డ. ఎదుటివాడికి ఏది ఎంత అవసరమో పసిగట్టడం వాడికి ఉగ్గుపాలతో వచ్చింది. రక్ష ఫోన్ వైపు వేలు చూపించాడు. "లైవ్ నడుస్తుండాది కదా? అందులో చెప్పు. పాట డీకేదని. నువ్వు అబద్ధం చెప్పినావని."

"అన్నా, వద్దు!" రక్ష అరిచింది. భూపతి జనరేటర్ దగ్గర నుంచి తిట్టుకుంటూ వస్తున్నాడు.

మునిరాజ్ ఫోన్ ముందు నిలబడ్డాడు. నాలుగువేల మంది చూస్తున్నారు. జీవితంలో తన మొహం అంతమంది చూడడం అదే మొదలు.

"పాట డీకేది. నేను అబద్ధం చెప్పినాను."

అయిదే మాటలు. ఎనిమిది నెలల కష్టం అంతటితో పోయింది.

కెమెరామన్ ఆ ముక్క చెరిపేశాడు. మునిరాజ్ తెరమీదికి వంగి, పోయిందని తన కంటితో చూసుకున్నాకే కదిలాడు. భూపతి జనరేటర్ ఆపేసి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. "రేయ్, ఇంకా షూటింగ్ ఉండాది!" దినకరన్ అరిచాడు. "సెట్ కాలిపోయింది" అన్నాడు భూపతి, నల్లగా నిగనిగలాడుతున్న స్పీకర్‌ను భుజానికెత్తుకుంటూ.

ఆ వారమే మునిరాజ్ మండీ మేస్త్రీని బతిమాలి పని మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. పొద్దున పూట కొండ కింద నిలబడతాడు. చేతిలో ఉప్పు.

"నువ్వు చెడగొట్టినావు, నువ్వే చెయ్యి" అంది మారమ్మ. పాత పిలుపు ఇక ఎత్తకూడదు. కొత్తది కట్టాలి. తాళం లేకుండా, రికార్డు లేకుండా, గొంతొక్కటితో. అతను నాలుగు రకాలు అరిచి చూశాడు. అన్నీ ఎక్కడో విన్న పాటల్లాగే ఉన్నాయి. అయిదోది మాత్రం ఎక్కడా విన్నట్టు లేదు. అది తనది. కానీ దాన్ని విని ముందుకు వచ్చే ఆవు ఒక్కటి కావాలి.

పదమూడో రోజు కెంపి తల ఎత్తింది. ఒక అడుగు వేసింది. రెండు. అతని అరచేతికి మూరెడు దూరంలో, వెచ్చటి ఊపిరి తగిలేంత దగ్గర, నాలుక బయటికి చాచింది.

జేబులో ఫోన్ మోగింది.

కెంపి ఉలిక్కిపడి వెనక్కి దూకింది. తోక ఎత్తి, తుమ్మచెట్ల అవతలిదాకా ఆగకుండా పోయింది.

మునిరాజ్ పళ్ళు కొరుక్కుంటూ ఫోన్ తీశాడు. దినకరన్.

"మునీ, పాత కోపాలు వద్దప్పా. రెండో పాట చేస్తుండాను. ఆ మాదిరి అరుపు ఇంకోటి ఉంటే పట్టుకొని రా. ఈసారి నీ పేరు వేస్తా. కింద, చిన్న అక్షరాల్లో అయినా వేస్తా. ఉండాదా?"

ఉంది. గొంతులో పచ్చిగా, కొత్తగా ఉంది. పేరు. తెర మీద, చిన్న అక్షరాల్లో. మునిరాజ్ అరచేతిలోకి చూశాడు. చెమటకు సగం ఉప్పు నీళ్ళయింది.

"లేదు" అన్నాడు. ఫోన్ ఆపేశాడు.

గట్టు మీదినుంచి మారమ్మ గొంతు వచ్చింది. "ఆ డబ్బాను ఇంట్లో పెట్టి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలరా నీకు! ఇంగ మొదటినుంచి."

మునిరాజ్ కంచె దాకా నడిచాడు. ఫోన్‌ను రాతి మీద పెట్టాడు. తిరిగి వచ్చి, తడి ఉప్పు దులిపేసి, మూటలోంచి కొత్తగా గుప్పెడు తీసుకున్నాడు. ఊపిరి నిండా పీల్చి పిలిచాడు.

తుమ్మచెట్ల అవతల కెంపి గడ్డి మేస్తోంది. తల ఎత్తలేదు.

మళ్ళీ పిలిచాడు.